ఒక్కరి సంపాదన – ఇద్దఱి సంసారము

(వార్షిక మహాసభయందు కుటుంబ సంక్షేమ గోష్ఠిలో చదువబడిన యుపన్యాసము)



నాకు నిర్ణయింపబడిన విషయము ఒక్కరి సంపాదనతో కుటుంబమును నడపుట, రెండవవారు ఇంటనుండి బిడ్డలను పెంచుట. వినుటకిది చిన్న విషయము. ఇందు వేదాంతము లేదు, రాజకీయము లేదు. బియ్యము, ఇంటి యద్దె, పిల్లల బడి జీతములు మాత్రమే కలవు. అయినను మన సంఘమునకు వచ్చు విన్నపములను చూడుడు. విద్యార్థివేతనము కొఱకు వచ్చినవి గాని, వితంతువులకు సహాయము కొఱకు వచ్చినవి గాని, పెక్కు ఈ చిన్న విషయమునుండియే పుట్టుచున్నవి. ఇంటిలో నొక్కరే సంపాదించుచుండిరి; ఆ యొక్కరికి జబ్బు చేసెను, లేదా కాలము తీఱెను; మిగిలినవారి చేతిలో నొక్క కాగితమును లేదు. కథ యొక్కటే, పేర్లు మాత్రమే వేఱు.

ఒకరు బయటకు పోయి సంపాదించుట, ఒకరు ఇల్లు కనిపెట్టుకొని యుండుట మన పూర్వుల యాచారమని కొందఱు పెద్దలు సెలవిచ్చుచుందురు. మన్నింపవలెను, నేతవారి యిండ్ల విషయమున నిది సరికాదు. గుంటమగ్గము ఇంటిలోనే యుండెడిది. తండ్రి మగ్గముపై గూర్చుండును. తల్లి రాట్నముపై కండెలు చుట్టును. వృద్ధులు పడుగు సవరింతురు. పిల్లలు ఆ ప్రక్కనే యాడుకొనుచు మధ్యమధ్య చేయందింతురు. అన్నము వండు పొయ్యికిని బట్ట నేయు మగ్గమునకును నడుమ నొక్క గోడయే యడ్డము. తల్లి యింటనే, తండ్రియు నింటనే. సంపాదన యొకచోట, సంసార మింకొకచోట అను విభాగము మగ్గము ఇల్లు వదలిన తరువాత వచ్చినది. సోలాపురము, భీవండి, సూరతు మరమగ్గములకు వలసపోయినవారు కొందఱు. బడిపంతుళ్లుగను గుమాస్తాలుగను నెలజీతములకు కుదిరినవారు కొందఱు. నేడు హైదరాబాదు, బెంగుళూరు, అమెరికాలలో కంప్యూటరు కొలువులు చేయు పిల్లలు కొందఱు. ఇట్లు మూడు నాలుగు తరములలో మన యిండ్లు రెండుగా చీలినవి. కావున నిది సనాతన ధర్మమని గాని, అధర్మమని గాని వాదించుట నా యుద్దేశము కాదు. ఇది యొక కొత్త ఏర్పాటు. కొత్త ఏర్పాటునకు కొత్త లెక్క కావలెను.

మగ్గమింటనున్న కాలముననైనను లెక్క సరిగా నుండెనని నేను చెప్పను. పోచంపల్లి చీరకు నేతకు ముందు పట్టునూలును అర్ధచంద్రాకారముగ నమర్చిన మేకులపై పోగు పోగుగా అటునిటు త్రిప్పవలెను. దీనినే ఆసుపోయుట యందురు. ఆ తరువాతనే చిటికి కట్టుట, అద్దకము, నేత. ఒక చీరకు చేయి సుమారు 9,000 మారులు పోయి రావలెను. నాలుగైదు గంటల పని. ఇది యింటి యాడువారి పని. భుజము అఱుగును, కన్ను మందగించును. కాని చీర యమ్ముడయిన నాడు షావుకారునొద్ద మజూరి పుచ్చుకొను చేయి భర్తది. ఆలేరు ప్రాంతమున శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశముగారు తమ తల్లి లక్ష్మిగారు పడు బాధను చూడలేక ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసుయంత్రమును నిర్మించి దానికి ఆమె పేరే పెట్టిరి. ఆ యంత్రముపై నదే పని గంటన్నరలో ముగియును. 2017లో వారికి పద్మశ్రీ లభించినది మీరెఱిగినదే. అయితే ఇందు నాకు తోచినదొకటి కలదు. యంత్రము వచ్చిన పిదప గాని ఆసుపోయుట యెంతటి పనియో మగవారికి బోధపడలేదు. కొన్న యంత్రమునకు ధర యుండునుగదా! తల్లి భుజమునకు ధర యెవరు కట్టిరి?

2019–20లో జరిగిన నాలుగవ చేనేత గణనమున దేశమందు చేనేత పనివారు 35 లక్షలకు మించి తేలిరి. అందు నూటికి డెబ్బదిమందికి పైగా స్త్రీలే. మరమగ్గముల యూళ్లలోను ఇంతియే. సోలాపురములోను సిరిసిల్లలోను మగవాడు మరమగ్గమునకు పోగా, ఇంటనున్నదని మనము చెప్పుకొను నిల్లాలు చేటలో ఆకు పెట్టుకొని బీడీలు చుట్టుచుండును. బీడీ పనివారికి గుర్తింపుకార్డు, భవిష్యనిధి ఖాతా ఆమె పేరనే యుండును. తెలంగాణ ప్రభుత్వము 2015లో బీడీ కార్మికులకు పింఛను నిచ్చుట మొదలిడగా ఆ పింఛనును ఆమె పేరనే వచ్చినది. ఇంటిలో సర్కారు గుర్తించిన ఏకైక లెక్క ఆమెదే యైన గృహములు కలవు. అయినను పెండ్లి సంబంధము మాటలాడునప్పుడు 'అమ్మాయి తల్లి యేమి చేయును?' అన్న ప్రశ్నకు 'ఏమియు లేదు, ఇంట నుండును' అనియే సమాధానము! కావున 'ఒక్కరి సంపాదన' అను మాటను నేను వాడుచున్నాను గాని, జాగ్రత్తతోనే వాడుచున్నాను.

ఏ పనియు కూలికి చేయక కేవలము గృహకృత్యములే చూచువారి సంగతి యేమి? కేంద్ర గణాంక శాఖవారు ప్రజలు దినమును ఏయే పనులకు వెచ్చింతురో విచారించిరి. 2019లో వేతనములేని యింటిపని చేయు స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, అట్టి పని చేయు పురుషులు 97 నిమిషములును వెచ్చించినట్లు తేలెను. 2024లో తిరిగి విచారింపగా స్త్రీలకు 289, పురుషులకు 88. అయిదేండ్లలో స్త్రీల భారము పది నిమిషములు తగ్గినదని సంతోషింపబోతిమి. మగవారిదియు తొమ్మిది నిమిషములు తగ్గినది! బిడ్డలను వృద్ధులను కనిపెట్టుట ఈ లెక్కలో చేరలేదు, అది వేఱు.

న్యాయస్థానములు ఈ పనికి వెల కట్టుట ఎప్పుడు జరుగునో తెలిసినచో మనస్సు నొచ్చును. ఆ యిల్లాలు చనిపోయినప్పుడు. 1989 మార్చి 3న జంషెడ్‌పూరులో నొక యుత్సవమున అగ్నిప్రమాదము జరిగి పలువురు స్త్రీలు, శిశువులు మరణించిరి. పరిహారము నిర్ణయించుచు సర్వోన్నత న్యాయస్థానము 2001లో గృహిణి సేవలను నెలకు 3,000 రూపాయలుగ నెంచెను. 2010లో మఱియొక తీర్పున నదే న్యాయస్థానము, 2001 జనగణనమున గృహిణులను భిక్షుకులతోను ఖైదీలతోను కలిపి పనిచేయనివారి వర్గమున చేర్చుటను తప్పుపట్టెను. 2021 జనవరిలో న్యాయమూర్తి నూతలపాటి వెంకటరమణగారు, మన తెలుగువారు, గృహిణి పనికి విలువ కట్టుట ఆమె శ్రమను, త్యాగమును గుర్తించుట యని వేఱుగా తమ యభిప్రాయమును వ్రాసిరి. ఇవి గొప్ప మాటలు. అయినను ఇవన్నియు మోటారు ప్రమాదముల పరిహారపు వ్యాజ్యములు, అగ్నిప్రమాదముల వ్యాజ్యములు. ఆమె బ్రదికియుండగా ఆ విలువను వ్రాయవలసిన పుస్తకము కోర్టులో లేదు, మన యింటిలో నున్నది.

ఇక నొక్కరి సంపాదన చాలునా చాలదా యను ప్రశ్న. దీనిని ఆవేశముతో గాక పెన్సిలుతో తేల్చవలెను. ఒక యింటిలో భర్తకు నెలకు 40,000 రూపాయలు వచ్చుచున్నవనుకొందము. భార్యకు 18,000 రూపాయల కొలువు దొరకినది. రెండేండ్ల బిడ్డను శిశుసంరక్షణాలయమున విడుచుటకు 6,000, రాకపోకలకు 2,500, పనిమనిషికి 2,500, వండుకొను తీఱిక లేక బయట కొను తిండికి 2,000, బట్టలకు, ఫోనుకు, తోటివారి కానుకలకు 1,000. వెరసి 14,000. మిగులు 4,000. ఈ లెక్క చూచి పెద్దలు 'నాలుగు వేలకు బిడ్డను పరులపాలు చేయుదువా?' అని కోడలిచేత కొలువు మానిపింతురు. అంకెలలో తప్పు లేదు. కాని లెక్క సగమే వ్రాసిరి. బిడ్డ యిద్దఱిది కాగా సంరక్షణాలయపు వ్యయమంతయు తల్లి జీతమునుండియే యేల తీసివేసితిరి? తండ్రి జీతమున సగము తీయరాదా? మఱియు నేటి 18,000 పదియేండ్లకు 18,000 గానే యుండదు. భవిష్యనిధి పెరుగును, అనుభవము పెరుగును. అయిదాఱేండ్లు విరామమిచ్చినవారికి తిరిగి తలుపు తెఱచు సంస్థలు కొద్ది. ఇది లెక్కలో రెండవ సగము.

మూడవదియు కలదు, అది అంకెలలో నిమడదు. బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి, అత్తగారికి కంటి శస్త్రచికిత్స జరిగిన వారము, బడిలో వెనుకబడిన పిల్లవాని యొద్ద గూర్చుండవలసిన సాయంకాలము. 2017లో ప్రసూతి సెలవును 12 వారములనుండి 26 వారములకు పెంచిరి. మంచి పని. కాని ఆఱు నెలల బిడ్డకును ఆఱేండ్ల బిడ్డకును నడుమ నయిదేండ్లకు మించిన కాలము కలదు. ఆ కాలమున నొకరింటనుండుటయే మేలని భార్యాభర్తలు తలచి నిశ్చయించుకొన్నచో, అది సోమరితనమును కాదు, వెనుకబాటును కాదు. నేనడుగునది యొక్కటే: ఆ నిశ్చయము ఇద్దఱు కూర్చుండి, పై మూడు భాగములును చూచి చేసినదా, లేక మనకొక వాడుక కలదు గనుక జరిగిపోయినదా? ఈ సంచికలోనే వధూవరుల ప్రకటనల పుటలు కలవు, చూడుడు. 'ఉద్యోగము చేయు వధువు కావలెను' అని వ్రాసిన కుటుంబమే రెండేండ్లకు ఆమెచేత కొలువు మానిపించుట మనలో నెందఱు చూడలేదు!

ఇంటనుండువారు తల్లియే కావలెనని యెచ్చటను వ్రాసిలేదు. భార్య నర్సుగనో ఉపాధ్యాయినిగనో స్థిరమైన జీతము తెచ్చుచుండ, భర్త పని చేయు మిల్లు మూతపడిన యిండ్లు మన యూళ్లలో గలవు. అతడు బిడ్డలకు తలదువ్వి బడికి పంపినచో వీధివారు నవ్వుదురు. నవ్వువారి తాతలు పగలంతయు ఇంటిలోనే గుంటమగ్గములో గూర్చుండి, ఏడ్చు బిడ్డను తొడపై పెట్టుకొని నాడె విసరినవారే! వారినెవరు నవ్విరి?

సరే, ఒక్కరి సంపాదనయే యని నిశ్చయమైనది. అది నిలుచుటెట్లు? మితవ్యయమును గుఱించి మీకు నేను బోధింపబనిలేదు. పదిమీటర్ల నూలులో నొక్క పోగు వృథా కాకుండ చూచు జాతి మనది. నేను లెక్కలు చూచిన యిండ్లలో నొక్క సంపాదన కుటుంబమును కూలద్రోసినది బియ్యము కాదు, కూరగాయలు కాదు. పుట్టువెండ్రుకలు, ఓణీల వేడుక, గృహప్రవేశము, ఆ మీద పెండ్లి. నెలకు రెండువేలు మిగుల్చుకొను కుటుంబము ఒక్క వేడుకకు రెండు లక్షలు వడ్డీకి తెచ్చును. అనగా నూఱు నెలల మిగులు ఒక్క పూట భోజనమునకు పోయినది, వడ్డీ వేఱు. (మన మహాసభ భోజనములను నేనీ లెక్కలో చేర్చుట లేదని వంటశాల సంఘమువారికి మనవి.) రెండు సంపాదనలున్న యిల్లు ఈ దెబ్బకు తూలి నిలువవచ్చును, ఒక్క స్తంభముపై నున్న యిల్లు నిలువదు. కావున ఆఱు నెలల వ్యయమునకు సరిపడు రొక్కము బ్యాంకులో లేనిదే వేడుక తలపెట్టరాదని ఇంటిలో నొక నియమము పెట్టుకొనుట మేలు. ఆ రొక్కము చీటీలలో నుండరాదు; చీటీ మనకు కావలసిన నాడు రాదు, పాట పాడిన నాడు వచ్చును.

రొక్కముకంటె ముఖ్యము కాగితములు. డాక్టరు కె. ఎన్. కేసరిగారు 1928లో చెన్నపురినుండి 'గృహలక్ష్మి' యను పత్రికను వెలయించిరి. ఆ పేరు మన నోటికి తీయనిది. కాని యింటి యిల్లాలిని లక్ష్మి యని పిలుచుచు, ఆమె పేర నొక బ్యాంకు పుస్తకమైనను లేకుండుట యెట్టి పూజయో నాకు తెలియదు. జీతము పడు ఖాతా ఇద్దఱి పేర, ఇద్దఱిలో నెవరైన లేక జీవించియున్నవారు తీసికొనునట్లు ఉండవలెను. నామినీగా వ్రాసితిమిగదా యందురు. బ్యాంకు ఖాతాకు నామినీ యనగా వారసులందఱి తరఫున ధనమును పుచ్చుకొను ప్రతినిధి మాత్రమే, యజమాని కాడు. జీవితబీమాలో 2015 సవరణము తరువాత భార్యయో, బిడ్డలో, తల్లిదండ్రులో నామినీలైనచో సాధారణముగ ధనము వారిదే యగును. ఈ రెంటికిని గల భేదము తెలియక అన్నదమ్ములు కోర్టుల కెక్కిన కుటుంబములు కలవు.

ఇంతకంటె బలమైన సాధనమొకటి కలదు. దానిని మనవారు వాడుట చాల తక్కువ. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టము ఆఱవ సెక్షను క్రింద వివాహితుడు తన ప్రాణముపై భార్యాబిడ్డల లాభముకొఱకు అని స్పష్టముగ వ్రాయించి పాలసీ తీసికొన్నచో, ఆ ధనము వారికొఱకు ధర్మనిధివలె నుండును. అతని ఆస్తిలో చేరదు, అతని అప్పులవారు దానిని తాకజాలరు. మద్రాసు రాజధానిలో 1913 డిసెంబరు 31 తరువాత తీసికొన్న హిందువుల పాలసీలకును, ఇతర ప్రాంతములలో 1923 ఏప్రిలు మొదలుగ తీసికొన్నవానికిని ఈ రక్షణ వర్తించుచున్నది. అనగా మన ముత్తాతల కాలముననే ఈ తలుపు తెఱచియున్నది! పాలసీ తీసికొనునప్పుడే వేఱుగా నొక పత్రముపై వ్రాలు చేయవలెను. తరువాత చేర్చుట కుదరదు. గత శతాబ్ద్యంతమునను ఈ శతాబ్ద్యారంభమునను సిరిసిల్లలో మగ్గములాగి, అప్పులు పెరిగి, నేతగాండ్రు ప్రాణములు తీసికొన్న దినములు మఱువదగినవి కావు. అప్పులవాడు వాకిట నిలిచిన నాడు ఆ యింటి తల్లికి తాకరాని సొమ్మొకటి యున్నచో ఎంత యూఱట!

ఇంటనున్నవారి ప్రాణమునకును బీమా కావలెను. ఆమెకు జీతము లేదుగదా, బీమా యేల యందురు. ఆమె లేని మఱునాడు వంటకు, బిడ్డలకు, వృద్ధులకు ఎంతమందిని కుదుర్చుకొనవలెనో లెక్కవేయుడు, బీమా యేలయో తెలియును. 2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమా బ్యాంకు ఖాతా యున్న 18 మొదలు 50 ఏండ్ల వయస్సువారికి జీతముతో పనిలేకయే రెండు లక్షల రక్షణ నిచ్చుటకై యేర్పడినది. చాలదు, కాని ఏమియు లేకుండుటకంటె నయము.

ఇల్లు కొన్నచో ఇద్దఱి పేర కొనుడు. భార్య పేర కొనుట బేనామీ యగునేమో యని కొందఱి భయము. తెలిసిన, చూపదగిన యాదాయముతో భార్య పేర కొనుటను బేనామీ నిషేధ చట్టము, 2016 సవరణము తరువాతను, దోషముగ నెంచదు. పన్ను తప్పించుకొనుటకు మాత్రమిది యుపాయము కాదు. భర్త యిచ్చిన ధనముపై వచ్చు వడ్డీ భర్త యాదాయముననే కలియును. పుట్టినింటివారు పెట్టిన బంగారము స్త్రీధనము. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము ఆమె ఆస్తికి ఆమెయే సంపూర్ణ యజమాని. తాకట్టు పెట్టునప్పుడు అడుగుట మర్యాద కాదు, విధి.

2023 జూనులో మద్రాసు హైకోర్టు నొక వ్యాజ్యమున తీర్పు చెప్పెను. భర్త సౌదీ అరేబియాలో పనిచేసి ధనము పంపుచుండ భార్య యింటనుండి బిడ్డలను పెంచుచు ఆ ధనముతో ఆస్తులు కొన్నది. ధనము నాది గనుక ఆస్తులన్నియు నావేయని భర్త వాదించెను. భార్య యిల్లు చూచుకొనుటచేతనే అతడు నిశ్చింతగా సంపాదించెను గనుక ఆమెకు సమభాగము కలదని న్యాయమూర్తి నిర్ణయించెను. మన జిల్లాలనుండి గల్ఫు దేశములకు పోయిన కుటుంబములు దీనిని చదువవలెను. అయితే ఇది యొక హైకోర్టు తీర్పు. దేశమంతటికిని శాసనము కాదు. తీర్పులకొఱకు వేచియుండుటకంటె దస్తావేజుపై రెండు పేర్లు వ్రాయించుట చౌక.

ఇక మన సంఘమువారికి నా మనవి. రాబోవు సంవత్సరము కుటుంబ వివరములు సేకరించి పట్టిక నచ్చువేయ సంకల్పించినారు. ఆ పత్రపు నమూనాను చూచితిని. అందు 'కుటుంబ యజమాని' యని యొక గడి, 'వృత్తి' యని యొక గడి. భార్య వృత్తికి గడియే లేదు. నమూనాలో రెండు పేర్లకును సమానముగ గడులుంచి, ఇంటనుండువారికి 'గృహనిర్వహణము' అని వృత్తి వ్రాయుటకు తీర్మానింపవలెనని విషయ నిర్ణాయక సభవారిని కోరుచున్నాను. వితంతు సహాయనిధినుండి ధనమిచ్చుటకు ముందు, ఆ కుటుంబమునకు రావలసిన బీమా, భవిష్యనిధి, పింఛను వచ్చినవో లేదో విచారించి దరఖాస్తులు వ్రాసిపెట్టుటకు లెక్కలు తెలిసిన ముగ్గురు సభ్యుల నేర్పఱుపవలెను. అందొకరు స్త్రీయై యుండవలెను. వసతిగృహమునకు విరాళములిచ్చు దాతల పేర్లు చలువరాతిపై చెక్కించునప్పుడు దంపతులిద్దఱి పేర్లును చెక్కించినచో దాతలకు కొఱత యేమియు రాదు. సవరించిన నమూనాను నేను నిన్ననే కార్యదర్శిగారి కందజేసితిని. పత్రములు అచ్చునకు పోకముందే ఈ గోష్ఠివారు దానిని పరిశీలింప ప్రార్థించుచు, నాకు నియమింపబడిన కాలము ముగిసినది గనుక విరమించుచున్నాను.